కమలా ఖాన్ మా ఇంటి పిల్లేనా?

బొమ్మల పుస్తకాల మీద వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వొచ్చు. వక్ఫ్ భూములు, మూతపడుతున్న ఉర్దూ బడులు, దొరకని అద్దె ఇళ్లు... ఇన్ని సమస్యలు ముందుండగా అమెరికా సూపర్ హీరోల సంగతి మీకెందుకని అడగొచ్చు. మా జవాబు ఇది. మా పిల్లలకు వాళ్లెవరో చెప్పేది మేమొక్కరమే కాదు. పాఠ్యపుస్తకం చెబుతుంది. సినిమా చెబుతుంది. రాత్రి టీవీ చర్చ చెబుతుంది. బొమ్మల పుస్తకమూ చెబుతుంది. ఎవరు బలవంతుడు, ఎవరు దుర్మార్గుడు, ఎవరు ఎవరిని కాపాడతారు, ఎవరు ఎవరి కోసం చావాలి అనే పాఠాలు పిల్లవాడికి మొదట అందేది ఇలాంటి చోటే. పెద్దలు పట్టించుకోని చోట నేర్చుకున్న పాఠం మరీ గట్టిగా అంటుకుంటుంది.

ఈ పుస్తకాలను మేం ముప్పయ్యేళ్లకు పైగా చదువుతున్నాం. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట పోయిన పాత సంచికలు ఏరుకున్న తరం మాది. కథ మధ్యలో మొదలయ్యేది, మధ్యలోనే ఆగిపోయేది. మొదలూ చివరా మేమే అల్లుకునేవాళ్లం. కాబట్టి దూరంగా నిలబడి రాయి విసిరే ఉద్దేశం మాకు లేదు. ఇష్టంగా చదివినవాళ్లుగానే ఈ ప్రశ్నలు అడుగుతున్నాం. ఈ పన్నెండేళ్లలో వచ్చిన కొత్త కామిక్స్‌లో ముస్లిం పేరున్న హీరోలు బాగానే కనిపిస్తున్నారు. వాళ్లందరిలోకీ పేరు తెచ్చుకున్నది మార్వెల్ కంపెనీ మిస్ మార్వెల్, అంటే కమలా ఖాన్. ఆమె కథ ఎక్కడ మాదైంది? ఎక్కడ చేజారింది? మా చర్చ దాని గురించే.

అతీత శక్తుల వీరుణ్ణి మాకు అమెరికా పరిచయం చేయలేదు. ఉర్దూ ఇళ్లలో దాస్తాన్-ఎ-అమీర్ హంజా ఎప్పట్నుంచో ఉంది. అందులో హంజా కంటే ఉమ్రో అయ్యార్ అంటేనే పిల్లలకు ఎక్కువ ఇష్టం. మారువేషాల మొనగాడు, పిసినారి, ఎగతాళి మనిషి. అతని జంబీల్ సంచిలో లోకమంతా పడుతుంది. ఆ తర్వాత ఇబ్నె సఫీ జాసూసీ నవలలు వచ్చాయి. వాటిల్లో ఇమ్రాన్ పైకి తిక్కమనిషిలా కనిపిస్తూ లోపల అందరికంటే చురుగ్గా ఉంటాడు. వీళ్లెవరూ తాము మంచి ముస్లింలమని ఎవరికీ హామీపత్రం రాసివ్వలేదు. నవ్వారు, నవ్వించారు, గెలిచారు. ఇంగ్లిష్ కామిక్ తెరిస్తే మాత్రం మా పేర్లకు వేరే పని ఉండేది. కత్తి దూసిన షేకు, ఒంటె మీద బందిపోటు, తర్వాత తర్వాత బాంబు పట్టుకున్న గడ్డం మనిషి. పేరు చూడగానే ఆ పాత్ర ఏ పేజీలో చస్తాడో చెప్పేసేవాళ్లం.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తు చేయాలి. సూపర్ హీరోను పుట్టించిన వాళ్లూ మైనారిటీలే. 1938లో సూపర్‌మ్యాన్‌ను లోకానికి చూపించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. జో సైమన్‌తో కలిసి కెప్టెన్ అమెరికాను సృష్టించిన జాక్ కర్బీ అసలు పేరు జేకబ్ కర్ట్‌జ్‌బర్గ్. స్టాన్ లీ అసలు పేరు స్టాన్లీ లీబర్. సొంత పేర్లు పక్కన పెట్టి, నలుగురిలో కలిసిపోయే పేర్లు పెట్టుకున్నారు. రెండు పేర్లతో బతికే వీరుడి కథ అలాంటి సమాజంలోంచి రావడంలో వింతేమీ లేదు. అద్దె ఇంటి కోసం ఫోన్లో పేరు సగమే చెప్పిన మావాళ్లకు క్లార్క్ కెంట్ కష్టాన్ని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 1941లో కెప్టెన్ అమెరికా తన తొలి సంచిక అట్ట మీదే హిట్లర్ దవడ పగలగొట్టాడు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. ఆ బొమ్మ గీసినవాళ్లకు మాత్రం అది తమ ఇంటి యుద్ధం.

అయితే సీగెల్, షూస్టర్ సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు రాసిచ్చేశారు. కంపెనీలు కోట్లు గడించాయి. వాళ్లిద్దరూ వయసు మళ్లాక ఇబ్బందులు పడి, లోకం ముందు మొర పెట్టుకుంటే, 1975లో గానీ ఏడాదికింతని భృతి దొరకలేదు. పాత్రను పుట్టించడం వేరు, ఆ పాత్ర మీద హక్కు ఉండడం వేరు. కమలా ఖాన్ కథ చివరి దాకా ఈ తేడా మనకు అక్కరకొస్తుంది.

2001 సెప్టెంబర్ 11 తర్వాత అమెరికా కామిక్స్ పెద్ద కంపెనీలకు ముస్లిం హీరోల అవసరం కనిపించింది. వాళ్లను ఎలా తెచ్చారో చూడండి. 2002లో ఎక్స్-మెన్ కథల్లోకి సురయా ఖాదిర్ అనే ఆఫ్ఘన్ అమ్మాయి వచ్చింది. ఒళ్లంతా ఇసుకగా మారిపోవడం ఆమె శక్తి. ఆడపిల్లలను అమ్మేవాళ్ల చేతుల్లోంచి ఆమెను వుల్వరిన్ విడిపిస్తాడు. అంటే ఆమె ఎవరినైనా కాపాడకముందే, ఆమెను కాపాడే మగాడొకడు కావాల్సి వచ్చాడు. ఆఫ్ఘన్ అన్నారు గానీ తొడిగింది నల్లటి అరబ్బు అబాయా, నిఖాబ్. కాబూల్ బజారులో కనిపించే నీలి చాద్రీకీ దానికీ తేడా ఉందని ఎవరూ ఆలోచించలేదు. ముస్లిం ఆడది అంటే నల్లగుడ్డ. ముస్లిం దేశం అంటే ఎడారి. చివరికి శక్తి కూడా ఇసుకే!

2012లో డి.సి. కంపెనీ గ్రీన్ లాంటర్న్ ఉంగరాన్ని సైమన్ బాజ్ వేలికి తొడిగింది. మిషిగన్ రాష్ట్రం డియర్‌బార్న్‌లో లెబనాన్ మూలాలున్న కుటుంబం అతనిది. రాసిన జెఫ్ జాన్స్‌కూ ఆ మూలాలున్నాయి. కాబట్టి ఆ కథలో నొప్పి నిజమైనదే. కార్ల పరిశ్రమలో ఉద్యోగం పోయిన సైమన్ ఒక వ్యాను దొంగిలిస్తాడు. దాన్లో బాంబు ఉంటుంది. జనం లేని ఫ్యాక్టరీలోకి తోలి ప్రాణనష్టం తప్పిస్తాడు. అయినా టెర్రరిస్టు అని పట్టుకుని విచారణ గదిలో కూర్చోబెడతారు. ఉంగరం అతన్ని వెతుక్కుంటూ ఆ గదికే వస్తుంది. ఈ కథలో సానుభూతి ఉంది, కాదనం. కానీ హీరో పుట్టిన చోటు చూడండి. సూపర్‌మ్యాన్ పొలాల మధ్య పెరిగాడు. స్పైడర్‌మ్యాన్ స్కూలు పిల్లాడు. సైమన్ బాజ్ హీరోగా పుట్టింది విచారణ గదిలో. ముస్లిం ముందు నిర్దోషి కావాలి, ఆ తర్వాతే హీరో కాగలడు.

మధ్యలో కువైట్ నుంచి వేరే ప్రయత్నం జరిగింది. నైఫ్ అల్ ముతవా అనే మానసిక వైద్య నిపుణుడు 2006లో 'ది 99' అనే కామిక్స్ మొదలుపెట్టాడు. అల్లాహ్ 99 నామాలు సూచించే గుణాలను ఒక్కొక్క యువతీయువకుడికి ఒక్కొక్కటిగా పంచిన కథ అది. ఆలోచన గొప్పది. అమెరికాలో కొందరు దాన్ని ఇస్లాం ప్రచారం అన్నారు. 2014లో సౌదీ మతపెద్దలు అది మతానికి అపచారం అన్నారు. రెండు వైపుల నుంచీ తిట్లు తినడం మాకు కొత్త కాదు. కానీ కథగా చూస్తే, గుణానికి మనిషి రూపం ఇవ్వడమే సరిపోయింది. ఆ పిల్లలు అమ్మతో ఎలా పోట్లాడతారో, రాత్రి ఏం తింటారో మాకు తెలియలేదు.

ఆ వెలితి తీర్చింది కమల.

పేరు దగ్గరే తెలుగు పాఠకుడు ఆగుతాడు. కమల అంటే మనకు తామరపువ్వు, లక్ష్మీదేవి. పక్కన ఖాన్ ఏమిటి? ఆ పేరు ఉర్దూ, అరబీల్లోని 'కమాల్' నుంచి వచ్చింది. పరిపూర్ణత అనీ, అబ్బురం అనీ అర్థం. ఒకే పలుకు రెండు ఇళ్లలో రెండు అర్థాలతో బతకడం ఈ ఉపఖండంలో ఏ గల్లీలోనైనా వినిపిస్తుంది. అమెరికా పుస్తకంలో వినిపించడం మాకు ముచ్చటేసింది.

2013లో తొంగిచూసి, 2014 ఫిబ్రవరిలో సొంత పత్రికతో వచ్చింది ఈ పిల్ల. న్యూజెర్సీ రాష్ట్రం జెర్సీ సిటీ. కరాచీ నుంచి వలస వచ్చిన ఇల్లు. వయసు పదహారు. నాన్న యూసుఫ్ బ్యాంకు ఉద్యోగి. అమ్మ మునీబా. అన్న ఆమిర్ ఉద్యోగం లేని భక్తుడు. పాత్రకు ప్రాణం పోసినవాళ్లలో సంపాదకురాలు సనా అమానత్ పాకిస్తానీ మూలాలున్న అమెరికన్. రచయిత్రి జి. విల్లో విల్సన్ ఇస్లాం స్వీకరించిన తెల్ల అమెరికన్, కైరోలో కాపురం చేసి వచ్చిన మనిషి. తొలి సంచికల బొమ్మలు గీసింది ఏడ్రియన్ అల్ఫోనా. మొదటి సంపుటానికి 2015లో హ్యూగో బహుమతి వచ్చింది. బహుమతి సంగతి అలా ఉంచి, పేజీల్లోకి వెళదాం.

మొదటి సంచిక కిరాణా కొట్లో మొదలవుతుంది. కమల పంది మాంసం శాండ్‌విచ్ వాసన చూస్తూ నిలబడుతుంది. తినదు. వాసన మాత్రం వదులుకోదు! హరామ్, హలాల్ గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ పిల్ల మనసు ఇంత బాగా తెలియదు. పక్కనే స్నేహితురాలు నకియా తలకు స్కార్ఫ్ కట్టుకుంటుంది. తెల్ల అమ్మాయి జోయీ జాలి నటిస్తూ, ఎవరైనా బలవంతం చేశారా అని ఆరా తీస్తుంది. నకియా జవాబు వింటే మన సంస్కర్తలు కూడా కంగుతింటారు. వాళ్ల నాన్నకు ఆ స్కార్ఫ్ ఇష్టమే లేదు, కొన్నాళ్లకు తీసేస్తుందిలే అనుకుంటున్నాడు! బురఖా మీద తెలుగులో ఇన్నేళ్లుగా జరిగిన చర్చల్లో ఈ నాన్న ఎంత అరుదుగా కనిపించాడు? కట్టుకుంటే బానిస, తీసేస్తే స్వేచ్ఛ అనే రెండు గదుల లెక్క ఒక్క జవాబుతో చెదిరిపోయింది.

అదే రాత్రి కమల ఇంట్లో చెప్పకుండా పార్టీకి వెళుతుంది. పొగమంచు కమ్ముతుంది. ఆ మైకంలో ఆమె ఆరాధించే కెప్టెన్ మార్వెల్ ఆకాశం నుంచి దిగివస్తుంది. దిగివచ్చి ఏం పాడుతుంది? అమీర్ ఖుస్రో పేర ప్రసిద్ధమైన వసంత గీతం. నిజాముద్దీన్ దర్గాలో బసంత్ నాడు ఖవ్వాలులు పాడేది. న్యూజెర్సీ పిల్ల కలలో అమెరికా దేవత హిందవీలో పాడింది. ఉర్దూ చదివినవాళ్లం ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాం. మా జ్ఞాపకం ఎవరికీ వివరణ ఇవ్వకుండా, అనుమతి అడక్కుండా, సూపర్ హీరో కామిక్‌లో దర్జాగా కూర్చుంది.

శక్తి వచ్చాక ఆమె మొదట కోరుకున్న రూపం ఏమిటి? తెల్ల తోలు, బంగారు జుట్టు, ఒంటికతుక్కునే దుస్తులు. మిస్ మార్వెల్ అంటే అలాగే ఉండాలని ఆమెకు ఈ పుస్తకాలే నేర్పాయి. తీరా ఆ రూపం దొరికాక బూట్లు కరుస్తాయి, బట్టలు ఇబ్బంది పెడతాయి. పరాయి తోలు దొరికినా హాయి దొరకలేదు. ఫ్రాంజ్ ఫానన్ పెద్ద గ్రంథంలో చర్చించిన విషయాన్ని పదహారేళ్ల పిల్ల ఇరుకు బూట్లు విప్పుతూ చెప్పింది. తర్వాత ఇంట్లో పడున్న బుర్కినీతో తన దుస్తులు తానే తయారుచేసుకుంది.

మొట్టమొదట ఆమె కాపాడేది ఎవరిని? తనను వెక్కిరించిన జోయీనే. నీళ్లలో మునిగిపోతున్న జోయీని చూసినప్పుడు, నాన్న తరచూ చెప్పే ఆయత్ గుర్తొస్తుంది. ఖుర్‌ఆన్ అయిదో సూరా అల్ మాయిదాలో 32వ ఆయత్ అది. ఒక్క ప్రాణం నిలబెట్టడం మానవాళి మొత్తాన్ని నిలబెట్టడంతో సమానమని దాని సారాంశం. టీవీలో ఉపద్రవాలు కనిపించినప్పుడల్లా ఆ నాన్న ఆ మాట అంటాడు. మా ఇళ్లలోనూ నాన్నలు అలాగే అంటారు. మతం ఇక్కడ జెండాగా రాలేదు. ఇంటి మాటగా వచ్చింది.

విమర్శ కూడా అలాగే ఇంట్లోంచే వచ్చింది. మసీదులో ఆడపిల్లలను తెర వెనక కూర్చోబెడితే, ఉపన్యాసం చెప్పే మనిషి కనిపించకపోతే ఎలాగని కమల, నకియా షేక్ అబ్దుల్లాను నిలదీస్తారు. మరో సంచికలో దారి తప్పుతోందని అమ్మానాన్నలు ఆమెను ఆ షేక్ దగ్గరికే పంపుతారు. తిడతాడనుకుంటే, చేసే పనేదో ధైర్యంగా, నిజాయితీగా చేయమంటాడు. మంచి గురువును వెతుక్కోమంటాడు. మౌలానా అంటే ఫత్వా అనే బొమ్మ అక్కడ చిరిగిపోయింది. గడ్డం పెంచిన ఆమిర్ కథలో టెర్రరిస్టు కాలేదు. నల్లజాతి ముస్లిం అమ్మాయి తైషాను పెళ్లాడాడు. ఆ పెళ్లి మాటల్లో మావాళ్ల రంగు పిచ్చి కూడా బయటపడింది. బయటివాళ్ల ముందు ఇంటి గుట్టు విప్పడమని కొందరికి బాధ కలగొచ్చు. ఇంటి తప్పును ఇంటివాళ్లే చెప్పుకునే చోటే ఇల్లు బతికి ఉంటుందని మా నమ్మకం.

ఈ మెప్పు పక్కన మా అసంతృప్తి కూడా రాయాలి. ముస్లిం అంటే ఉర్దూ, ముస్లిం అంటే ఖాన్, ముస్లిం అంటే కరాచీ. బ్యాంకు జీతం ఉన్న ఇల్లు. ఉపఖండపు ముస్లింలలో ఉన్న కుల అంతరాలు, షరీఫ్ - రజీల్ తేడాలు ఆ పుస్తకంలో కమలను ఎప్పుడూ గట్టిగా తాకలేదు. తెలుగే మాతృభాషగా నమాజు చదివే దూదేకుల పిల్ల ఆ పేజీల్లో తనను ఎక్కడ చూసుకోవాలి? ఆమెను ఉర్దూ ముస్లింలు సగం ముస్లిం అంటారు, పక్కింటివాళ్లు పూర్తి ముస్లిం అంటారు. ఈ నొప్పి అమెరికా రచయితలకు తెలియకపోవచ్చు. ఉర్దూ మాట్లాడే మాకు తెలియాలి కదా! కమలను చూసి మురిసిపోయే మాలో ఎంతమందిమి ఆ పిల్ల కథ అడిగాం?

కమల కథ రాజకీయంగా బాగా పదునెక్కింది 2016లో. నేరం జరగకముందే ఎవరు చేస్తారో చెప్పగల యులిసిస్ అనే మనిషి దొరుకుతాడు. ముందుగానే పట్టుకుని నిర్బంధించే పనిని కెప్టెన్ మార్వెల్ నెత్తికెత్తుకుంటుంది. జెర్సీ సిటీలో ఆ పని చూసే కుర్రకారు దళానికి కమలను పెద్దగా పెడుతుంది. అందులో ఆమె క్లాసులో చదివే జాష్‌నే బంధిస్తారు. అతన్ని విడిపించబోయి ప్రాణస్నేహితుడు బ్రూనో ఘోరంగా గాయపడతాడు. ఆరాధించిన దేవత ముందు నిలబడి ఇది తప్పని చెప్పాల్సిన రోజు కమలకు వస్తుంది. హైదరాబాద్ పాఠకులకు ఇది కల్పితకథగా అనిపించదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. చనిపోయింది మావాళ్లు. ఆ తర్వాత పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. తర్వాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డవాళ్లకు అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. పోయిన చదువులూ ఉద్యోగాలూ మాత్రం తిరిగి రాలేదు. నేరం కంటే ముందు అనుమానితుడు పుట్టే ఆ లెక్కను ఒక ముస్లిం పిల్ల చేత కాదనిపించిన ఆ సంచికలు, ఈ పత్రిక మొత్తంలో మాకు అన్నిటికంటే విలువైనవి.

పుస్తకం వీధిలోకి కూడా వచ్చింది. 2015 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో సిటీ బస్సుల మీద ఇస్లాం ద్వేషం చిమ్మే ప్రకటనలు వెలిస్తే, ఎవరో వాటి మీద కమల బొమ్మలు అతికించి కప్పేశారు. కంపెనీ చేయించిన పని కాదది. అభిమానుల పని. ఆ రోజు కమల జనానిది.

కంపెనీ లెక్క వేరే. 2017లో అమ్మకాలు తగ్గితే, మార్వెల్ అమ్మకాల పెద్ద డేవిడ్ గాబ్రియెల్ ఆ నెపాన్ని వైవిధ్యం మీదికి తోసే మాట అన్నాడు. ఆడ హీరోలు, కొత్త రంగుల హీరోలు జనానికి అక్కర్లేదని కొట్లవాళ్లు చెబుతున్నారట! గిట్టుబాటైనప్పుడు మా పేరు గర్వకారణం. గిట్టుబాటు కానప్పుడు నష్టానికి కారణం.

ఆ ఏడాదే ఇంకో సంగతి జరిగింది. దాని గురించి మావాళ్లు మాట్లాడటానికి ఇష్టపడరు. అందుకే మాట్లాడాలి. 2017 ఏప్రిల్‌లో వచ్చిన ఎక్స్-మెన్ గోల్డ్ తొలి సంచికకు బొమ్మలు గీసింది ఇండోనేషియా చిత్రకారుడు అర్దియన్ స్యాఫ్. ఒక పాత్ర చొక్కా మీద అల్ మాయిదా సూరా 51వ ఆయత్ సంఖ్యను గీశాడు. మరో చోట 212 అంకె పెట్టాడు. అమెరికా పాఠకులకు మొదట అర్థం కాలేదు. ఇండోనేషియా వాళ్లకు వెంటనే అర్థమైంది. జకార్తా గవర్నర్ అహోక్ చైనా మూలాలున్న క్రైస్తవుడు. ముస్లిమేతరుణ్ణి నాయకుడిగా ఒప్పుకోకూడదనడానికి ఆయన ప్రత్యర్థులు ఆ ఆయత్‌నే వాడారు. 2016 డిసెంబర్ 2న ఆయనకు వ్యతిరేకంగా జరిగిన మహా ప్రదర్శనకు గుర్తు ఆ 212. పైగా ఆ సంచికలో ఎక్స్-మెన్ నాయకురాలు కిట్టీ ప్రైడ్ యూదు అమ్మాయి. మార్వెల్ అతని కాంట్రాక్టు రద్దు చేసింది. అహోక్‌ను 2017 మేలో దైవదూషణ కింద జైలుకు పంపారు.

సూరా ఒకటే. కమల నాన్న 32వ ఆయత్ దగ్గర ఆగాడు. స్యాఫ్ 51వ ఆయత్‌ను తన రాజకీయానికి ఆయుధంగా పట్టుకున్నాడు. ఇక్కడ మైనారిటీగా మేం దేని మీద ఏడుస్తామో, అక్కడ మెజారిటీగా మావాళ్లు అదే చేశారు. సంఖ్యాబలం తలకెక్కితే ఏ మతంవాడైనా ఒకేలా మాట్లాడతాడు. స్యాఫ్ మావాడని వెనకేసుకొస్తే, మా మీద జరిగే అన్యాయం గురించి మాట్లాడే హక్కు మాకు మిగలదు.

విల్సన్ 2019లో కమలను వదిలి వెళ్లాక సలాదిన్ అహ్మద్ రాశాడు. కథ జెర్సీ సిటీ దాటి అంతరిక్షంలోకి ఎగిరింది. మాకు అప్పుడే కొంత బెంగ పట్టుకుంది. గల్లీ వదిలిన కమల మిగతా హీరోల్లో ఒకతె. 2022లో టీవీ సీరియల్ వచ్చింది. కరాచీలో పుట్టి కెనడాలో పెరిగిన ఇమాన్ వెల్లాని కమలగా వేసింది. ఇంటి వాతావరణం బాగుంది. 1947 విభజన రైలును అమెరికా తెర మీద చూడటం చిన్న విషయం కాదు. కానీ ఒళ్లు సాగే శక్తి పోయి, చేతి గాజు నుంచి వెలుగు వచ్చే శక్తి వచ్చింది. పుస్తకంలో కమల శక్తి ఆమె ఒంట్లోదే, ఎదిగే వయసు ఒళ్లులాగా ఇబ్బందికరమైన శక్తి. తెర మీద చూడటానికి అందంగా ఉంది. ఆ ఇబ్బందే ఆమెను మా పిల్లలకు దగ్గర చేసిందన్న సంగతి మార్చినవాళ్లకు పట్టలేదు.

ఇక 2023 మే 31. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ పత్రిక 26వ సంచికలో కమలా ఖాన్ చనిపోయింది.

కామిక్స్‌లో చావు తాత్కాలికమని అభిమానులకు తెలుసు. 1992లో సూపర్‌మ్యాన్ చచ్చాడు, మళ్లీ వచ్చాడు. మా బాధ చావు గురించి కాదు. సూపర్‌మ్యాన్ తన పత్రికలో, తన ఊళ్లో, తన పోరాటంలో, తన రూపంతో చచ్చాడు. కమల చచ్చింది వేరొకరి పత్రికలో. అక్కడ ఆమె పక్క పాత్ర. స్పైడర్‌మ్యాన్ ప్రేమించిన మేరీ జేన్‌ను కాపాడటానికి కమల మేరీ జేన్ రూపం ఎత్తుతుంది. ఆ రూపంలోనే కత్తిపోటు తింటుంది. మొదటి కథలో పరాయి రూపం వదిలించుకుని తన ఒంట్లోకి వచ్చిన పిల్ల. తొమ్మిదేళ్ల తర్వాత ఒక తెల్ల అమ్మాయి రూపంలో, ఆ అమ్మాయికి బదులుగా పొడిపించుకుంది. కన్నీళ్లు పెట్టుకునే హీరో ఆమె కథలోవాడు కూడా కాదు. అమ్మ మునీబా, అన్న ఆమిర్, నకియా, బ్రూనో... వీళ్లందరి దుఃఖానికి ఆ సంచికలో చోటు లేదు. జూలైలో విడిగా ఒక సంతాప సంచిక వేశారు.

ఈ చావు మాకు బాగా తెలిసిన చావు. మన సినిమాల్లో మంచి ముస్లింకు ఇచ్చే గౌరవం ఇదే. 1975లో వచ్చిన షోలే గుర్తు తెచ్చుకోండి. గుడ్డి ఇమాం సాబ్ కొడుకు అహ్మద్‌ను గబ్బర్ చంపి శవాన్ని ఊరికి పంపుతాడు. ఊరు బెదిరిపోతే ఆ ముసలాయనే అందరికీ ధైర్యం చెబుతాడు. ఈ ఊరి కోసం ఇవ్వడానికి ఇంకా కొడుకుల్నెందుకు ఇవ్వలేదని దేవుణ్ణి అడుగుతానంటాడు. థియేటర్లో అందరితో పాటు మేమూ ఏడ్చాం. కానీ కథ ఇమాం సాబ్‌ది కాదు. అహ్మద్ ఏం కలలు కన్నాడో చూపడానికి ఆ సినిమాకు తీరిక లేదు. తెలుగు సినిమాల్లో హీరో స్నేహితుడైన రహీంలు, ఊరి పెద్దలైన చాచాలు ఎంతమంది ఇంటర్వెల్ ముందు చచ్చిపోయారో లెక్కపెట్టుకోండి. దుర్మార్గుడు కాని ముస్లిం త్యాగమూర్తి కావాలి. రెంటికీ మధ్య బతికే ముస్లింకు వేషం లేదు. కమల గొప్పతనం తొమ్మిదేళ్ల పాటు ఆ మధ్యలో బతకడమే. ఆమెనూ చివరికి రహీం చాచాల వరసలో నిలబెట్టారు.

జూలై 26న తిరిగి బతికించారు. రెండు నెలలు కూడా కాలేదు. బతికించి, నువ్వు మ్యూటెంట్‌వి కూడా అని చెప్పారు. అంతకుముందే టీవీ సీరియల్ చివర ఆ మాట వాడేశారు. సినిమా విడుదల నవంబర్‌లో ఉంది. తెర మీది కమలకూ పుస్తకంలోని కమలకూ పొత్తు కుదర్చడానికి ఒక చావు అవసరమైందని అభిమానులు ఊహించుకుంటే తప్పు వాళ్లది కాదు. ఆగస్టులో మొదలైన నాలుగు సంచికల కొత్త కథను సబీర్ పిర్జాదాతో కలిసి ఇమాన్ వెల్లానియే రాసింది. చచ్చి లేచిన పిల్ల భయాలను అందులో ప్రేమగా రాశారు. ఆ పాత్ర వేసిన కరాచీ పిల్ల చేతికి కలం రావడం మాకు నిజంగా సంతోషం. అయినా కలం కంపెనీదే. ఆమె రాయగలదు, నటించగలదు. కమలను మళ్లీ ఎవరి పత్రికలోనైనా ఎవరైనా పొడిస్తే ఆపగల హక్కు ఆమెకు లేదు. సనా అమానత్‌కు లేదు. విల్సన్‌కు లేదు. 130 డాలర్ల కాగితం మీద సంతకం పెట్టిన యూదు కుర్రాళ్ల కాలం నుంచి ఆ లెక్క మారలేదు.

కనిపించడం, సొంతం కావడం ఒకటి కాదని కమల కథ మాకు చెప్పింది. మా పేరు అట్ట మీదికి ఎక్కడం గెలుపే. దాన్ని తక్కువ చేయం. బురఖా, గడ్డం, మసీదు, అమ్మీ, అబ్బూ భయం పుట్టించే గుర్తులుగా కాకుండా ఇంటి సామాన్లుగా లక్షల మంది చేతుల్లోకి వెళ్లాయి. మా ఆడపిల్లలు ఆ తొలి సంపుటాలు తప్పకుండా చదవాలి. ముఖ్యంగా తొలి పంతొమ్మిది సంచికలు. వాటి చివర కమల తన రహస్యం అమ్మకు చెబుతుంది. అమ్మకు ముందే తెలుసు! కోప్పడదు, గర్వపడుతుంది. మా అమ్మలు అంతేనని ఇంకా చాలామందికి తెలియదు.

కానీ మంచి ముస్లిం బొమ్మను వాళ్ల బజారులో చూసి చప్పట్లు కొట్టడంతో మా పని అయిపోదు. బొమ్మలు గీయగల పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు, కర్నూలులో, గుంటూరులో, వరంగల్‌లో ఉన్నారు. తెలుగులో, ఉర్దూలో, రెండూ కలిసిన మా ఇంటి భాషలో మాట్లాడే పిల్లల కథలు వాళ్లు గీయాలి. అందులో దూదేకుల పిల్ల ఉండాలి. ఖురేషీల పిల్లాడు ఉండాలి. వాళ్లకు ఎగిరే శక్తి ఉన్నా లేకపోయినా పరవాలేదు. ఎవరి కోసమో చచ్చి మంచివాళ్లని అనిపించుకునే అవసరం మాత్రం ఉండకూడదు. ఆ కథల మీద హక్కు కాగితాలు గీసినవాళ్ల పేరు మీదే ఉండాలి. అప్పుడు ఏ పిల్ల బతకాలో, ఎలా బతకాలో మేం మేమే మాట్లాడుకుంటాం. పోట్లాడుకుంటాం కూడా.